పడుకున్నారా? లేవండి, బీపీ చూడాలి

నిద్ర సుఖమెరుగదని సామెత. ఆ సామెత కట్టిన మహానుభావుడెవరో గానీ, ఆస్పత్రి వార్డులో ఒక్క రాత్రీ గడిపి ఉండడు.

రోగిని కుదురుగా పడుకోనివ్వకపోవడంలో మా సికింద్రాబాద్‌కు ఘనమైన చరిత్రే ఉంది. 1897 ఆగస్టులో బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే మిలటరీ డాక్టరు హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా చేతిలో పెట్టాడు. ఆ ప్రయోగాల్లోనే ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమి దొరికింది. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. దోమలు ఇప్పటికీ డ్యూటీ మానలేదు. చెల్లింపుల పద్ధతే మారింది: కుట్టించుకున్నవాడే బెడ్ చార్జీ కట్టాలి.

సర్కారు దవాఖానా కానీ, కార్పొరేట్ ఆస్పత్రి కానీ, రాత్రి కార్యక్రమం దాదాపు ఒకటే. పదింటికి షిఫ్టు మారుతుంది, రోగుల కథలన్నీ మంచాల మధ్యే చెప్పుకుంటారు. పన్నెండింటికి సెలైన్ అయిపోయిందని అటెండెంటు కేక. రెండింటికి ఒక రోగికి బీపీ చూడటం కోసం వార్డు మొత్తానికి ట్యూబ్‌లైట్లు. నాలుగింటికి రక్తం తీస్తారు. ఎందుకయ్యా అంటే, పొద్దున రౌండ్స్‌కు పెద్ద డాక్టరు వచ్చేసరికి రిపోర్టు ఫైల్లో ఉండాలి. అంటే పెద్ద డాక్టరు హాయిగా నిద్రలేచి వచ్చే వేళకు రోగి రక్తం సిద్ధంగా ఉండాలన్నమాట. అయిదింటికి ఫినాయిల్ బకెట్టు. నీళ్లు పోయే మాత్ర సాయంత్రం పొద్దుపోయాక ఇచ్చి ఉంటే, మధ్యమధ్య బాత్‌రూమ్ యాత్రలు అదనం.

ఇక రౌండ్స్. "పెద్దాయనా, రాత్రి నిద్ర పట్టిందా?" "లేదు సార్." తక్షణమే కేస్‌షీట్‌లో ఒక నిద్రమాత్ర చేరుతుంది. బిడ్డను గిల్లి ఉయ్యాల ఊపడమంటే ఇదే.

ఆ మాత్ర సంగతీ చూద్దాం. తరచుగా రాసే వాటిలో ఆల్ప్రజోలం ఒకటి. మన ఎక్సైజు వాళ్లు కల్లు కాంపౌండ్ల మీద పడి కల్తీ కల్లులో పట్టుకునేది కూడా దీన్నే. షెడ్యూల్ హెచ్1 మందు కాబట్టి, అమ్మితే డాక్టరు పేరూ రోగి పేరూ రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. బాగుంది. మరి అర్ధరాత్రి ట్యూబ్‌లైట్ వేసినవాడి పేరు రాసే రిజిస్టరు ఏదీ?

ఈ రకం మాత్రలు వయసు మళ్లినవాళ్లను తూలేలా చేస్తాయి, బాత్‌రూమ్ దారిలో పడేస్తాయి, మతి తప్పిస్తాయి. గురకతో ఊపిరి ఆగే జబ్బున్నవాళ్లకు మరీ ముప్పు. ఇలా మతి తప్పిన తాతగారు అర్ధరాత్రి లేచి "ఇది ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం?" అని అడిగితే నవ్వకండి. ఆ వెలుగు, ఆ రొద, ఆ చక్రాల చప్పుడు చూసి సికింద్రాబాద్ స్టేషన్ అనుకోవడంలో ఆయన తప్పేముంది?

చట్టాలకు కొదవ లేదు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం ఆస్పత్రి చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రభుత్వం ప్రకటించవచ్చు, అక్కడ రాత్రి పది నుంచి ఆరు దాకా 40 డెసిబెల్స్ దాటరాదు. అంటే రోడ్డు మీది హారన్ నుంచి ఆస్పత్రికి రక్షణ ఉంది. ఆస్పత్రి నుంచి రోగికే లేదు. వార్డులో రాత్రి 30 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. స్టీలు ట్రే ఒక్కసారి నేలను తాకితే ఆ సలహా అక్కడికక్కడే ప్రాణం విడుస్తుంది.

అమెరికాలో 1998లో వెలువడిన ఒక అధ్యయనంలో, వృద్ధ రోగులకు పడుకునే ముందు వెచ్చగా తాగడానికి ఏదో ఇచ్చి, వీపు నిమిరి, నెమ్మదైన సంగీతం వినిపించారు. ఆ వార్డులో నిద్రమాత్రలు వాడేవాళ్లు 54 శాతం నుంచి 31 శాతానికి తగ్గారు. గ్లాసు వేడి పాలు ఇక్కడా దొరుకుతాయి. కానీ పాల మీద ప్యాకేజీ కట్టలేం, వీపు నిమిరినందుకు బిల్లు వేయలేం. పైగా నలుగురి పని ఒక్కతే చేసే సిస్టరమ్మకు నిమిరే తీరిక యాజమాన్యం ఇస్తే కదా!

మాత్ర అక్కర్లేదని కాదు. నొప్పితో నిద్ర పట్టనివాడికి ముందు నొప్పి మందు కావాలి. ఏళ్లుగా నిద్రమాత్ర వాడుతున్నవాడికి ఉన్నట్టుండి ఆపకూడదు. కొందరికి కొద్ది రోజులు నిజంగానే అవసరం. కానీ అది ఆఖరి అస్త్రం.

కాబట్టి సూపరింటెండెంట్లకూ యాజమాన్యాలకూ ఒకటే విన్నపం. నిలకడగా ఉన్న రోగిని రాత్రి పదకొండు నుంచి అయిదు దాకా ముట్టుకోకండి. రక్తం ఆరింటికి తీయండి, పెద్ద లైటు బదులు టార్చి వాడండి, కళ్లకు గంత, చెవులకు దూది అందించండి. ఇవన్నీ చేశాక కూడా నిద్ర పట్టకపోతే, అప్పుడు రాయండి మాత్ర.

అంతవరకు ఆ చీటీ మీద రోగి పేరు కాదు, ఆస్పత్రి పేరు రాయాలి. నిద్రలేమి జబ్బు దానిదే.