దర్జీ చీటికి టీకా తాత్పర్యము

అవతారిక

పల్నాటి యుద్ధమునకు శ్రీనాథుని ద్విపద గలదు. ఆ ద్విపదను పరిష్కరించి 1911లో అచ్చువేయించిన అక్కిరాజు ఉమాకాంతముగారి శ్రమ గలదు. ఆ వీరుల ఆయుధములకు కారెంపూడిలో గుడి గలదు. ఏటేట కార్తీకమాసాంతమున అయిదు దినముల ఉత్సవము గలదు. కాని ఆ సీమయందే, పండుగకు ముందు రాత్రులు దీపమార్పక, వచ్చి యడిగినవారికెల్ల ‘రేపు రండి’ యను ఏకవాక్యముతో సమాధానము చెప్పుచు, ఊరివారి మానమును కాపాడుచున్న దర్జీకిని, అతని సూదికిని, సుద్దకును, కత్తెరకును గుడి మాట యటుండ, ఒక పుట వ్యాఖ్యానమైనను లేకపోవుట ఈ సీమ సాహిత్యమున కొక లోపమని మాకు చిరకాలముగ తోచుచున్నది.

నరసరావుపేటలో ఒక దర్జీ, తన కడ పని నేర్చుకొనుచున్న కుఱ్ఱవానిని బజారునకు పంపుచు, క్యాలెండరు కాగితము వెనుక వ్రాసి యిచ్చిన చీటి యొకటి మా చేత బడినది. ఆఱు చిన్న వాక్యములలో ఆతని విద్య యంతయు నిమిడియుండుట చూచి, దానినే మూలముగ గ్రహించి టీక వ్రాయ నుద్యమించితిమి. కొలచల మల్లినాథసూరి, మూలములేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు ప్రతినబూని కాళిదాసునకు వ్యాఖ్య రచించెను. ఆ రెంటిలో మొదటి ప్రతినను మేమును నిలుపుకొందుము. రెండవదానికి మాత్రము పూచీ యీయజాలము.

మూలము

“పదహారు నంబరు సూదులు ఒక పాకెట్టు. తెల్లదారం రెండు రీళ్లు, ఈ ముక్కకు కలిసేది ఒకటి. సుద్ద, నీలంది. టేపు కొత్తది. మిషను నూనె చిన్న సీసా. కత్తెర సాన పట్టించి తే, దారిలో ఎవరడిగినా ఇయ్యకు.”

కాలనిర్ణయము

చీటిపై తేదీ లేదు గావున విద్వాంసులలో, పల్నాటి యుద్ధమునందువలె, రెండు పక్షముల వివాదము పుట్టినది. మాచర్ల పక్షమువారు, పదహారు నంబరు సూది దళసరి గుడ్డకే పనికివచ్చును గదా, కోటప్పకొండ ప్రభలకు కట్టు గుడ్డలే యట్టివి, కనుక ఇది శివరాత్రికి ముందటిదని వాదింతురు. గురజాల పక్షమువారు, తెల్లదారము రెండు రీళ్లు కోరుటను బట్టియు, తెల్లగుడ్డపై గాని అవసరము పడని నీలిసుద్దను బట్టియు, ఇవి బడిపిల్లల చొక్కాలనియు, పదహారు నంబరు సూది వారి నిక్కర్ల కొఱకనియు, కావున చీటి జూన్ నెల మొదటి దినములదనియు సిద్ధాంతీకరింతురు. యుక్తి రెండవవారి పక్షముననే యున్నది. ‘ఈ ముక్కకు కలిసేది ఒకటి’ యనుటచే, బడిదుస్తుల నడుమ ఎవరో ఇల్లాలు ‘ఇది యొక్కటి కుట్టి పెట్టవూ’ అని బ్రతిమాలి యొక జాకెట్టు ముక్కను చొప్పించినదని యూహింపనగును.

టీక

పదహారు నంబరు సూదులు: మిషను సూదులలో అంకె పెరిగినకొలది లావు పెరుగును. పలుచని పట్టునకు పదునొకండు, నూలు జాకెట్టునకు పదునాలుగు, ప్యాంటుగుడ్డకు పదహారు, జీన్సునకు, సంచులకు పదునెనిమిది. చేతిసూదికి బెజ్జము తోకయం దుండగా మిషను సూదికి మొనయందే యుండును. ఈ తలక్రిందుల సూది గల మిషనునకు 1846లో ఎలియాస్ హోవ్ అను అమెరికావాడు పేటెంటు పొందెను. 1851లో సింగరు త్రొక్కుడు పలక గల మిషనుతో వచ్చి, కాలక్రమమున దానిని యింటింటి వస్తువు గావించెను. సూది గుడ్డ క్రిందికి దిగి రవంత పైకి లేచునప్పుడు దారము దాని ప్రక్కను చిన్న ఉచ్చుగ ఉబ్బును. షటిలు ముక్కు ఆ ఉచ్చులో దూఱి, దానిని బాబిను చుట్టు త్రిప్పి విడుచును. వెంటనే పైనున్న మీట దారమును బిగలాగును. పైదారము పైననే యుండును, క్రిందిదారము క్రిందనే యుండును. రెండును గుడ్డ మందములో మాత్రమే పెనవేసికొనును. ఈ రెంటి బిగువులో తేడా వచ్చినప్పుడు ‘కింద దారం ముద్ద కడుతోంది’ అని దర్జీ విసుగుకొనును. కుట్టు తప్పిపోవుచుండగా పనికి క్రొత్తవాడు మిషనును తిట్టును. పాతవాడు మాఱు పలుకక సూదిని మార్చును. మొన వంగిన సూది గుడ్డను గ్రుచ్చునప్పుడెల్ల ‘టక్కు టక్కు’ మని చప్పుడు చేయును గావున, దాని రోగము కంటికంటె ముందు చెవికి దెలియును. పాకెట్టు మొత్తము తెప్పించుటలో రహస్యమిదియే: సూది అరిగిపోవుటకే పుట్టినది.

తెల్లదారం రెండు రీళ్లు: చుట్టును నల్లరేగడిలో పత్తి పండు ఈ సీమలో, పత్తిచొక్కాను పాలియెస్టరు దారముతో కుట్టుట విపరీతమని యెవరైన ఆక్షేపింతురేమో. నూలుదారము ఉదుకులలో క్రుంగి కుట్టును ముడుతలు పఱచును. పాలియెస్టరు క్రుంగదు, సులభముగ తెగదు. కాని ఇస్త్రీపెట్టె మితిమీఱి కాగినచో కరగును. అంగడిలో ఏది ఏదియో తెలియవలెనన్న, దారపు కొసను అగ్గిపుల్లకు చూపిన చాలును. నూలు, కాగితము కాలిన వాసనతో బూడిదయగును. పాలియెస్టరు కొసన గట్టిపూసయై నిలుచును. శాస్త్రములలో ప్రత్యక్షప్రమాణమునకు ఇంతకు మించిన ఉదాహరణము మాకు దొరకలేదు.

ఈ ముక్కకు కలిసేది ఒకటి: చీటిలో కెల్ల గూఢమైన వాక్యమిది. ఆ ముక్క గుండుసూదితో చీటికే గ్రుచ్చబడియున్నది. ఎఱుపనవచ్చును, మామిడిపండు రంగనవచ్చును, సంజెవేళ రెండింటిలో నేదియు గాదనవచ్చును. అనుభవములేని కుఱ్ఱడు రీలును ముక్క ప్రక్కన నిలిపి, రెండును సరిపోయినవని సంతసించి తెచ్చును. కుట్టిన పిమ్మట దారము తెల్లగ తేలి ఊరెల్లరకు కనబడును. రీలుమీద వందల చుట్లు ఒకదానిపై నొకటి పడియుండుటచే రంగు ముదురుగ దోచును. విప్పిన ఒక్కపోగు అంతకంటె లేతది. కనుక పోగును రీలునుండి లాగి ముక్కపై పఱచి చూడవలెను. సంశయము కలిగినచో ఒక ఛాయ ముదురుదానినే కొనవలెను. అంగడిలోని ట్యూబులైటు క్రింద గాక, గడప దాటి ఎండలోనికి వచ్చి చూడవలెను. నరసరావుపేట బజారులో మిట్టమధ్యాహ్నము చేత నొక ముక్కయు పోగును బట్టుకొని కన్నులు చికిలించి నిలిచిన కుఱ్ఱనిని గాంచి నవ్వువారు, ఆతడు వర్ణపరీక్ష చేయుచున్నాడని యెఱుంగుదురు గాక.

సుద్ద, నీలంది: ఈ జిల్లాలో పిడుగురాళ్ల సున్నపుబట్టీలకు పేరు గలదు గదా, బజారుసుద్ద యేల యన్న, గోడకు పట్టవలసినది వేఱు, గుడ్డను విడువవలసినది వేఱు. దర్జీసుద్ద మూడు మూలల పలుచని బిళ్ల. అంచు మొద్దువాఱినచో గీత లావగును. గీత లావైనచో కత్తెర గీతకు లోపలగా నడువవలెనా, వెలుపలగా నడువవలెనా యను ధర్మసందేహము పుట్టును. రెండుప్రక్కల కలిపి నడుమున అరయంగుళము తేడా వచ్చును. అందుచే తెలిసినవాడు పాతబ్లేడుతో సుద్దను గీకి పదును పెట్టుకొనును. సుద్ద లేని వేళ స్నానపు సబ్బు అరిగి మిగిలిన తునుక సైతము ఇందుకు చాలును. ఉదికిన వెంటనే పోవుట దానియం దధికగుణము. గీత యెప్పుడును గుడ్డ లోపలిమొగమున నుండవలెనని నియమము.

టేపు కొత్తది: అఱువది అంగుళముల పట్టీ, ఒకమొగమున అంగుళములు, రెండవమొగమున సెంటీమీటర్లు. 1956 నాటి చట్టమున మీటరు రాజ్యమేలుటకు వచ్చినది. బట్టలకొట్టు దానికి తలయొగ్గి మీటర్ల లెక్కనే యమ్ముచున్నది. దర్జీ మాత్రము నేటికిని అంగుళములనే నమ్మియున్నాడు. బామ్మలు మూరను విడువరు. ఇట్లొక జాకెట్టులో మూడు రాజ్యములు నడుచుచున్నవి. పాతటేపు మెడలో వ్రేలాడి వ్రేలాడి సాగును, సాగిన టేపు కొలత తక్కువ చూపును. ఏడాదికొకసారియైన దానిని ఉక్కుస్కేలు ప్రక్కన బెట్టి సరిచూడవలెను. ఇంత చేసినను టేపు పల్నాటి స్త్రీల శరీరమును కొలుచుట యరుదు. వారు ‘ఆది జాకెట్టు’ అను పాతజాకెట్టును ముందు వైచి, ‘ఆది లాగే కుట్టు, కాని చంక దగ్గఱ కొంచెం వదులు, మెడ కొంచెం పైకి, చేతులు ఒక అంగుళం పొడుగు’ అని నాలుగు సవరణలు చెప్పి, ఆది నుండి ఆది సంబంధమును తొలగించి వెడలుదురు.

మిషను నూనె చిన్న సీసా: వేఱుసెనగనూనె, కొబ్బరినూనె ఇంటనే యుండగా కొనుట దుబారా యని తలంచు గృహస్థుల మిషనులు నెలలోపున బంకగట్టి బిగిసికొనును. వంటనూనె గాలికి జిగురగును. మిషనునూనె జిగురుగాక పలుచగనే నిలుచును. రంధ్రమునకు ఒక్కచుక్క, పిదప చింకిగుడ్డపై కొంతసేపు త్రొక్కుట, ఇంతియే విధి.

కత్తెర సాన పట్టించి తే: ఇది మీరట్ కత్తెర. అచట పాతబండ్ల కమానుపట్టీల ఉక్కుతో అలుగులను, పాత ఇత్తడి పాత్రలను కరగించి పిడులను చేయుదురు. 2013లో ఆ పనితనమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఎన్నిమార్లు సాన పట్టించినను పాడుగాక తరమునుండి తరమునకు చేతులు మాఱునది గావున, కుఱ్ఱడు సానరాయి త్రొక్కువాని కడ నిలిచి, నిప్పురవ్వలను జూచి మురిసి తిరిగివచ్చుట చాలదు. పలుచని గుడ్డను రెండుమడతలు చేసి కత్తెర కొనతో ఒక్కసారి కోసి చూడవలెను. కొనవఱకు తెగినచో పైక మీయవలెను. కొన దగ్గఱ గుడ్డను ‘నమిలినచో’ మఱల పట్టించవలెను.

దారిలో ఎవరడిగినా ఇయ్యకు: దీని వివరము సిద్ధాంతమున చూడదగును.

పూర్వపక్షము

ఇచ్చట నొకరు లేచి యిట్లాక్షేపింతురు: దర్జీవిద్యకు రాజు కుట్టుమిషను గదా! 1830లో పేటెంటు పొందిన ఫ్రెంచివాడు తిమోనియే మిషనులను, తమ కూడు పోవునను భయమున, ప్యారిస్ దర్జీలు గుంపుగూడి విఱుగగొట్టిరి. యంత్రములన్న గిట్టని గాంధీజీ సైతము 1924లో నొక ప్రశ్నకు బదులిచ్చుచు సింగరు కుట్టుమిషనును తన ఆక్షేపణనుండి మినహాయించెను. కలకత్తాలో ఉషా మిషను తయారైన పిదప మన యెంతమంది వితంతువుల కది జీవనాధారమాయెను! అట్టిదానికి చిన్న సీసా నూనెతో సరిపెట్టి, మూడురూకల సుద్దను, కత్తెరను పట్టి ప్రాకులాడు ఈ చీటికి టీక యేల?

సిద్ధాంతము

వినుడు. ఈ చీటి వరుస యాదృచ్ఛికము గాదు. సుద్దగీత తప్పినచో అఱచేత దులిపిన పోవును. కొలత తప్పినచో మఱల కొలువవచ్చును. సూది విఱిగినచో పాకెట్టులో వేఱొకటి యున్నది. దారము రంగు కలియనిచో తిప్పియిచ్చి మార్చుకొనవచ్చును. మిషను ఎంత వేగముగ కుట్టినను, ఎంత వంకరగ కుట్టినను, ఆ కుట్టును పోగు వెంట పోగుగ విప్పి గుడ్డను తొల్లింటి గుడ్డగ జేయవచ్చును. అందుచేతనే అది రాజు గాజాలదు. కత్తెర యొక్కటే తిరిగిరాని పని చేయునది. ఎనుబది సెంటీమీటర్ల జాకెట్టుముక్కలో మెడను ఒక అంగుళము లోతుగ కోసిన పిమ్మట, ప్రపంచమున ఏ యంత్రమును దానిని మఱల కోయని మెడగ జేయలేదు. తక్కిన పనిముట్లన్నియు దర్జీ తప్పులను దిద్దుటకు పుట్టినవి. కత్తెర తప్పును నిలుపుటకు పుట్టినది.

ఈ భయమునుండియే దర్జీ శీలము పుట్టినది. మంచిదర్జీ కోయుటకు ముందు గీతను రెండుమార్లు కొలుచును. కోయునప్పుడు క్రింది అలుగును బల్లపై ఆనించి, గుడ్డ నెత్తక నడపును. కోసిన పిదపకూడ, లోపలి కుట్టులో అంగుళము గుడ్డ మిగిల్చియే కుట్టును. ఏడాది గడచినపిదప ఆ ఇల్లాలు కొంచెము ఒళ్లుచేసి వచ్చి, లోపలి వరుస విప్పించుకొన్నప్పుడు, ఆ మిగిల్చిన అంగుళము విలువ ఇరువురికిని దెలియును. ఇరువురును దానిని గూర్చి పలుకరు.

మఱి ఎరువీయరాదన నేల? అడుగువారందఱును కాగితమునకే అడుగుదురు గావున. కాగితములో నునుపుకొఱకు ఖనిజపు పొడులు కలుపుదురు. అవి గుడ్డలో లేవు. పదునైన అంచు వానిపై పడి కొలదిదినములలో మొద్దువాఱును. ఎరువు తీసికొన్నవాడు కాగితమే కోసి యిచ్చును, కత్తెరను చూచి ‘ఏమీ కాలేదు’ అనును. అతని మాట నిజమే, కంటికేమియు కాలేదు. మఱునాడు పట్టుగుడ్డ నడుమ కొన నమిలినప్పుడే దాని సంగతి బయటపడును. ఈ సీమవారికి ఆయుధము విలువ క్రొత్తగ చెప్పబనిలేదు. విజయదశమినాడు మిషనునకు, టేపునకు, కత్తెరకు బొట్టుపెట్టి పూజించి, ఆ దినము వానిని ముట్టని దర్జీ ఆచారమును కారెంపూడి వీరులు సహితము మెచ్చుకొందురు.

తాత్పర్యము

చౌకవస్తువులను ధారాళముగ కొనుము, అరిగిన వెంటనే మార్చుము. దిద్దరానిదానిని చేయు పనిముట్టును మాత్రము పదునుగ నుంచుకొని, నీ చేతనే యుంచుకొనుము. ఇందలి అలంకారము స్వభావోక్తి. ఉపమ యొక్కటియు లేకయే యింత చెప్పుట ఆ చీటికారుని ప్రతిభ.

ఫలశ్రుతి

ఈ టీకను భక్తితో చదివిన గృహిణికి జాకెట్టు చెప్పిననాటికే చేతికి వచ్చునని వ్రాయుటకు మా కలము సాహసింపదు. అట్టి ఫలము ఏ పురాణమునందును చెప్పబడలేదు. కాని ఇంటిలోని గుడ్డకత్తెరతో పాలపాకెట్టును, మందుబిళ్లల అట్టను, పిల్లల పటములను కోయు నలవాటు గలవారు నేడే దానిని మానుదురేని, సాన పట్టువాడు వీథిలో కేకవేయునప్పుడు వారు తలుపు తీయు పని సగము తగ్గును. పాలపాకెట్టునకు వేఱొక కత్తెరను కొనుడు. వంటింటి గోడకు మేకుగొట్టి, దానిని తాడుతో కట్టివేయుడు.