13వ నంబరుతో పుట్టాను

నా పేరు 'వియర్డ్ ఫ్యాంటసీ'. న్యూయార్క్‌లోని ఈసీ కామిక్స్ వారు 1950 మే-జూన్ సంచికగా నన్ను అచ్చువేశారు. సంపాదకుడు ఆల్ ఫెల్డ్‌స్టీన్, ప్రచురణకర్త విలియం గెయిన్స్. వెల 10 సెంట్లు. ఆ పేరుతో వెలువడిన మొట్టమొదటి సంచికను నేనే. అయినా నాకు వేసిన నంబరు 1 కాదు, 13.

నాకు ముందున్న పన్నెండు సంచికలవీ వేరే పేర్లు. 1947లో 'మూన్ గర్ల్ అండ్ ది ప్రిన్స్' అని ఒక వీరనారి కథల పత్రిక మొదలైంది. రెండో సంచికకే ఆ పేరు 'మూన్ గర్ల్' అయింది. 7, 8 సంచికలు 'మూన్ గర్ల్ ఫైట్స్ క్రైమ్' అని వచ్చాయి. 9 నుంచి 12 దాకా అదే పత్రిక 'ఎ మూన్, ఎ గర్ల్... రొమాన్స్' అని ప్రేమకథలు చెప్పింది. ఆ తరువాతి నంబరు సైన్స్ ఫిక్షన్ కథలు మోసుకొచ్చిన నాకు దక్కింది.

కారణం పోస్టాఫీసు. అమెరికాలో పత్రికలకు సెకండ్ క్లాస్ అనే చవక టపా రేటు ఉండేది. కొత్త పత్రిక పెడితే ఆ పర్మిట్ కోసం మళ్లీ దరఖాస్తు పెట్టాల్సి వచ్చేది, మళ్లీ రుసుము కట్టాల్సి వచ్చేది. పాత పత్రికే పేరు మార్చుకుందని చూపిస్తే ఆ ఖర్చు తప్పేది. ఈ పద్ధతి 17వ నంబరు దాకా సాగింది. టపాశాఖ ఒప్పుకోకపోవడంతో 1951 మార్చి-ఏప్రిల్ సంచికకు 18 బదులు 6 వేశారు. వరసలో అది నిజంగానే ఆరో సంచిక. లెక్క అక్కడ సర్దుకుంది గానీ, 13 నుంచి 17 వరకు నంబర్లు రెండోసారి రాక తప్పలేదు. అలా 1952లో నాకొక తమ్ముడు పుట్టాడు. పేరు అదే, నంబరు 13, నెలలు కూడా మే-జూనే. ఈ వివరాల్లో మా ఇద్దరికీ తేడా సంవత్సరం మాత్రమే.

పాత కామిక్స్ అమ్మే ఒకాయన చేతికి చిక్కినప్పుడు నాకు కష్టాలు మొదలయ్యాయి. ఆయన నా అట్ట మీది పేరు, నంబరు చూశాడు. తన జాబితాలో 13కి ఎదురుగా ఉన్న 1952ని చీటీ మీద రాసి, నన్ను ప్లాస్టిక్ కవరులో పెట్టి, మూతకి టేపు వేశాడు. లోపల చిన్న అక్షరాల్లో పత్రిక పేరు, సంచిక నంబరు, నెలలు, సంవత్సరం అన్నీ ఉన్నాయి. కవరు తీసి చదివే ఓపిక ఆయనకు లేకపోయింది. ఆ చీటీ చూసి మరొకరు కేటలాగు రాశారు, దాన్ని చూసి ఇంకొకరు రాశారు. ముగ్గురూ ఒకే మాట చెబుతుంటే నాలుగోవాడు అనుమానించడు. ముగ్గురు సాక్షులున్నట్టు కనిపిస్తారు, నిజానికి చూసినవాడు ఒక్కడు కూడా లేడు.

రెండేళ్ల తేడాకి ఏమవుతుందిలే అంటారేమో. తమ్ముడి లోపలున్న 'హోమ్ టు స్టే' సంగతి వినండి. బొమ్మలు వాలీ వుడ్ వేశాడు. కథ మాత్రం రచయిత రే బ్రాడ్‌బరీది. 1949లో వచ్చిన ఆయన కథ 'కెలైడోస్కోప్'నీ, 1951లో వచ్చిన 'ది రాకెట్ మ్యాన్'నీ కలిపి అనుమతి లేకుండా వాడుకున్నారు. బ్రాడ్‌బరీ మర్యాదగా ఉత్తరం రాసి తనకు రావలసిన సొమ్ము అడిగాడు. ఈసీ వారు చెల్లించారు. ఆ తరువాత ఆయన కథలు ఆయన పేరుతోనే అక్కడ వచ్చాయి. ఇప్పుడు ఎవరైనా మమ్మల్ని తారుమారు చేసి, ఆ కథని 1950లో వేస్తే? 'ది రాకెట్ మ్యాన్' కన్నా ముందే దాని నకలు పుట్టినట్టవుతుంది. సొంతదారు దొంగ అవుతాడు, తీసుకున్నవాడు సొంతదారు అవుతాడు. చీటీ మీద ఒక్క అంకె మారితే ఒక రచయిత హక్కే తలకిందులవుతుంది.

నన్నీ చిక్కులోంచి బయటపడేసింది ఒక గ్రంథాలయంలో పనిచేసే అమ్మాయి. బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, నన్ను సగమే తెరిచింది. నా కాగితం చవక న్యూస్‌ప్రింట్, ఆమ్లం నిండినది. అంచులు గోధుమ రంగుకి తిరిగి, ముట్టుకుంటే రాలిపోతున్నాయి. భూతద్దం పెట్టి చిన్న అక్షరాలు చదివింది. పాత చీటీని పారేయకుండా వెనక దాచి, కొత్తది రాసింది: '13 (1950), ఈ పేరుతో మొదటి సంచిక'. సంవత్సరం ఎక్కడ చూసి రాసిందో కూడా పక్కన పెట్టింది. కేటలాగు రాసేవాళ్లందరూ ఈ పద్ధతి పట్టాలని నా కోరిక. చూసింది చూసినట్టు రాయండి, ఊహించింది ఊహ అని రాయండి, తెలియకపోతే ఖాళీ వదలండి.

తెరిచిన ప్రతిసారీ నేను కొంచెం విరుగుతాను. అందుకే నన్ను మూసి భద్రపరుస్తున్నారు, అది సరైన పనే. కానీ మూసిన పుస్తకం తన గురించి తాను చెప్పుకోలేదు, దాని తరఫున చీటీయే మాట్లాడుతుంది. రేపటి పాఠకుడు చదవగలిగేది దాన్నే కాబట్టి, నన్ను మూసేముందు లోపలి చిన్న అక్షరాలు చదవడం మీ బాధ్యత.