కంపెనీలు రావాలా? రోడ్లు ఇరుకు చెయ్యండి

నగరానికి ఉద్యోగాలు రావాలంటే ఏం చెయ్యాలో మన అధికారులకు కంఠస్థం. రోడ్లు వెడల్పు చెయ్యాలి, ఫ్లైఓవర్లు కట్టాలి, భూమి చవగ్గా ఇవ్వాలి. హైదరాబాద్ కోసం నేను చెప్పేవన్నీ దీనికి అడ్డంగా ఉంటాయి. తలతిక్క సలహాలనుకున్నా సరే, చేసి చూడండి.

ముందు రోడ్డును ఇరుకు చెయ్యండి. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక మాదాపూర్, గచ్చిబౌలిల్లో అద్దాల మేడలు లేచాయి గానీ వాటి ముందు నాలుగడుగులు నడిచే దారి లేదు. మెట్రో దిగిన అమ్మాయి ఆఫీసు దాకా భయం లేకుండా నడవలేకపోతే స్కూటీ కొంటుంది, పక్కసీటు అబ్బాయి కారు కొంటాడు, మీరు వెడల్పు చేసిన రోడ్డు మళ్లీ నిండుతుంది. ఒక వరుస తీసి ఫుట్‌పాత్‌కు ఇచ్చేయండి. సియోల్ ఇంతకన్నా తెగించింది. 2003లో నడిబొడ్డున ఉన్న ఎత్తైన రహదారిని కూల్చడం మొదలుపెట్టి, 2005 కల్లా దాని కింద కప్పేసిన చంగ్యేచాన్ వాగును దాదాపు ఆరు కిలోమీటర్ల మేర బయటికి తెచ్చింది. జనం వాగు ఒడ్డుకు వచ్చారు, వాళ్ల వెనకే వ్యాపారాలూ వచ్చాయి. అయితే ఆ పనిలో అక్కడి బండ్లవాళ్లను ఖాళీ చేయించారు. అదొక్కటీ మనం నేర్చుకోవద్దు.

ఇడ్లీ బండిని కంపెనీ గేటు దగ్గరే ఉండనివ్వండి. సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్ అమ్మ తినేది అక్కడే. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ వ్యాపారులే ఉండాలి. బండి ఎక్కడ పెట్టాలో వాళ్లనే చెప్పనివ్వండి.

బస్సును నష్టానికి నడపండి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఖజానాకు భారమని విసుక్కునేవాళ్లున్నారు. ఛార్జీలకు వెరిచి బస్తీ చుట్టుపక్కలే పని వెతుక్కునే మనిషి ఇంకో పది స్టాపుల అవతల మంచి జీతం చూసుకోగలిగితే, ఆ ఖర్చు ఉద్యోగాల పద్దులోనే రాయాలి. బస్సులు కిక్కిరిస్తే బస్సులు పెంచండి.

పేదల ఇళ్లు ఖరీదైన చోటే కట్టండి. కొల్లూరులో 2023లో 15 వేలకు పైగా డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఒకేచోట ప్రారంభించారు. ఇల్లు రావడం గొప్ప సంగతే. కానీ పని పాత బస్తీలో, ఇల్లు ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరైతే ఆ కుటుంబం రోజూ ఎన్ని గంటలు దారిలో పోగొట్టుకోవాలి? కోకాపేటలో ప్రభుత్వం వేలం వేసే ఎకరాల పక్కనే వాళ్లకూ చోటివ్వండి.

ఇక చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిని ఖాళీగా వదిలెయ్యండి. 1908 మూసీ వరద తర్వాత ఈ ఊరు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకుంది. 2020 అక్టోబరు వానలకు మళ్లీ కాలనీలు మునిగాయి. ఇల్లు మునిగిన ఉద్యోగి డ్యూటీకి రాడు, కంపెనీ కూడా ఆ లెక్క చూస్తుంది. వేలానికి భూములు వెతికే ముందు ప్రతి చెరువుకూ హద్దురాళ్లు పాతించండి.