ముందు అవెయిట్ తీసేయండి

మాణికేశ్వర్ నగర్ గల్లీల్లో రూమ్ తీసుకుని, పగలు ఉస్మానియాలో క్లాసులు విని, రాత్రి జావాస్క్రిప్ట్ పట్టుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ సలహాలు. వినడానికి తలకిందుల మాటల్లాగే ఉంటాయి. నేను ఈ దారినే నేర్చుకున్నాను, అందుకే చెప్తున్నాను.

1. పాతదానితో మొదలుపెట్టండి. జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి అసింక్, అవెయిట్ 2017లో వచ్చాయి, ప్రామిస్ 2015లో. అంతకుముందు ఎక్కువగా కాల్‌బ్యాకులే. మీరూ ఒక వారం వాటితోనే గడపండి. ఒక ఫైల్ చదివి, అందులో ఉన్న పేరుతో ఇంకో ఫైల్ తెరిచి, దాన్ని మూడో ఫైల్‌లోకి రాయండి. ఫంక్షన్‌లో ఫంక్షన్, దాంట్లో మరొకటి, ప్రతిచోటా ఎర్రర్ విడిగా చూసుకోవాలి. ఆ విసుగు పుట్టాక ప్రామిస్ ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

2. రన్ చేయకండి, నోట్‌బుక్‌లో రాయండి. నాలుగు ప్రింట్లు అనుకోండి. మామూలుగా "ఒకటి". సున్నా మిల్లీసెకన్ల సెట్‌టైమౌట్‌లో "రెండు". అప్పటికే తీరిపోయిన ప్రామిస్‌కు తగిలించిన దెన్‌లో "మూడు". మళ్లీ మామూలుగా "నాలుగు". ఏ వరసలో వస్తాయో పెన్నుతో రాశాకే రన్ చేయండి. ఒకటి, నాలుగు, మూడు, రెండు. చేతిలో ఉన్న కోడ్ పూర్తయ్యాకే క్యూల వంతు. వాటిలో ప్రామిస్‌ల మైక్రోటాస్క్ క్యూ ఖాళీ అయ్యాకే టైమర్ వంతు. సున్నా అంటే వెంటనే అని కాదు, వంతు వచ్చాక అని.

3. లాప్‌టాప్ మూసి అన్నం వండండి. రూమ్‌లో మీరొక్కరే ఉన్నారు. కుక్కర్ పొయ్యి మీద పెట్టి, నల్లా వచ్చిందని బిందె పట్టుకుని కిందికి పోతారు. విజిల్ వినిపించినా సగం బిందె వదిలేసి రారు, నిండాకే వస్తారు. మనిషి ఒక్కరే, ఉడికించేది మంట. జావాస్క్రిప్ట్‌కూ కోడ్ నడిపే కాల్ స్టాక్ ఒక్కటే. టైమర్లు, నెట్‌వర్క్ పనులు బ్రౌజరో నోడో చూసుకుంటాయి. బిందెకు అడుగే లేకపోతే మీరు నల్లా దగ్గరే ఉండిపోతారు, అన్నం మాడిపోతుంది. ఆగని లూప్ రాస్తే పేజీ బిగుసుకుపోయేది ఇందుకే.

4. నడుస్తున్న కోడ్‌ను చెడగొట్టండి. ఒక్క అవెయిట్ తీసేయండి. డేటా రావాల్సిన చోట పెండింగ్ ప్రామిస్ ప్రింట్ అవుతుంది. ఫర్‌ఈచ్‌కు ఇచ్చే ఫంక్షన్‌ను అసింక్ చేసి, దాని లోపల అవెయిట్ పెట్టండి. లోపలి పనులు తేలకముందే కింది లైను నడిచిపోతుంది. నా మొదటి ఉద్యోగంలో ఒక రాత్రంతా నిద్ర లేకుండా చేసింది ఈ తప్పే. ఫర్ ఆఫ్ లూప్‌గా మార్చాక తీరింది. సర్వర్‌లో లేని పేజీకి ఫెచ్ పంపండి. 404 వచ్చినా కోడ్ క్యాచ్‌లోకి పోదు, స్టేటస్ మీరే చూసుకోవాలి. ఇవన్నీ మీ చేతులతో మీరే చెడగొట్టి చూస్తే, రేపు ఆఫీసులో అవే ఎదురైనప్పుడు గుర్తుపడతారు.

5. ఇంగ్లిష్‌లో బట్టీ పట్టకండి. ఈ వంతులన్నీ నడిపే ఈవెంట్ లూప్ నిర్వచనం అప్పజెప్పినంత మాత్రాన అది వచ్చినట్టు కాదు. ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ కోసం కూర్చున్నప్పుడు పక్కనున్న దోస్తుకు ఆ నాలుగు ప్రింట్ల సంగతి తెలుగులో చెప్పండి. నాలుగు తర్వాత రెండు రాకుండా మూడెందుకు వచ్చిందని అతను అడుగుతాడు. మీరు తడబడిన చోటే మీకు రానిది ఉంది. ఆ రాత్రి నోట్‌బుక్‌లో అక్కడి నుంచే మొదలుపెట్టండి.