సింకు కింద పలక ఉబ్బితే పెట్టెంతా పారేయాలా?

మా రోజుల్లో వంటింటి అరలు నీళ్లకు భయపడేవి కావు. గోడలోకి దించిన కడప బండలే అరలు, వాటి ముందు వేప చెక్కవో టేకువో తలుపులు. బండ మీద నీళ్లొలికితే గుడ్డతో తుడిస్తే సరిపోయేది. వానాకాలంలో తలుపు బిగుసుకుంటే వడ్రంగి వచ్చి అంచు చిత్రిక పట్టి వెళ్లేవాడు. చెక్క పుచ్చితే ఆ మేరకు కోసి కొత్త ముక్క అతికేవాడు. ఎంత పాడైతే అంతే మార్చేవాళ్లం.

ఇప్పుడు లక్షలు పోసి మాడ్యులర్ కిచెన్ పెట్టించుకుంటున్నారు. పైన తళతళలాడే లామినేట్. లోపల చాలాచోట్ల చెక్క పేళ్లూ రంపపు పొట్టూ జిగురుతో కలిపి నొక్కిన పార్టికల్ బోర్డు. సింకు కింద పైపు కారితే, అంచు పట్టీ ఊడినచోట నీళ్లు లోపలికి దిగుతాయి. ఒకసారి ఉబ్బిన బోర్డు ఎండినా పాత మందానికి రాదు, స్క్రూలకు పట్టు ఇవ్వదు. మా ఇంట్లో అదే జరిగింది. బిగించినవాళ్లను పిలిస్తే, అడుగు పలక ఒక్కటే మార్చడం కుదరదు, యూనిట్ మొత్తం మార్చాలన్నారు. నాకు ఒళ్లు మండింది. ఒక్క పలక చెడితే పెట్టెంతా చెత్తలో వేయమనడం ఏం పద్ధతి?

మా వీధి కార్పెంటర్ దాన్ని ఇంట్లోనే బాగుచేశాడు. ముందు పైపు వాషరు మార్పించాడు. కారడం ఆపకుండా చెక్క మారిస్తే ఆ డబ్బు దండగే. సామాను తీసి, ఫ్యాను పెట్టి, లోపలంతా బాగా ఆరనిచ్చాం. ఉబ్బిన పలక ఊడదీసి, అదే కొలతకు 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై కోశాడు. ఐఎస్ 710 ముద్ర చూసే కొన్నాం. ఆ ప్రమాణం ప్రకారం ప్లై ముక్కను 72 గంటలు నీళ్లలో మరిగించి, పొరలు విడిపోతాయేమో పరీక్షిస్తారు. అయినా కోసిన అంచులకూ, పైపు కోసం తొలిచిన రంధ్రం చుట్టూ ప్రైమరు, దానిపై ఎనామిల్ రంగు వేశాడు. నీళ్లు దిగేది అక్కడే కదా. మడతబందుల స్క్రూలు వదులైన బెజ్జాల్లో ఫెవికాల్ పూసిన సన్నటి చెక్క పుల్లలు దిగ్గొట్టి, ఆరాక మళ్లీ బిగించాడు. సింకు అంచు చుట్టూ సిలికాన్ సీలెంట్ పట్టించాడు.

ఇందులో పెద్ద విద్యేమీ లేదు. మా తరంలో ప్రతి ఇంట్లో ఎవరో ఒకరికి ఈపాటి పని తెలిసే ఉండేది. ఇప్పటి పిల్లలకు చెప్పేవాళ్లు లేరు, వడ్రంగిని పిలవాలన్న ఆలోచనా రాదు.

కొత్తగా వంటిల్లు చేయించుకునేవాళ్లు తలుపుల రంగు కోసం షోరూములన్నీ తిరుగుతారు. సింకు కింద ఏ చెక్క వేస్తున్నారని మాత్రం అడగరు. అడగండి. రేపు ఆ అడుగు పలక చెడితే విడిగా ఊడదీసి మార్చవచ్చా అని కూడా అడగండి. కుదరదంటే, ధర ఎంత తగ్గించినా ఆ పెట్టె కొనకండి.