గొట్టం మనది, గల్లీ అందరిది

టెంపో ట్రావెలర్ కొని, సీట్లు పీకించి, లోపల మంచమూ గ్యాస్ పొయ్యీ బాత్రూమూ పెట్టించుకున్నవాళ్లు చుట్టాలు రాగానే చూపించేవి మడత సోఫా, ఏసీ, టీవీ. చాసిస్ కింద వేలాడే మురుగునీటి ట్యాంకును ఎవరూ చూపించరు. యాదగిరిగుట్టకు పోయొచ్చి, రాత్రిపూట హైదరాబాద్ చిల్కానగర్‌లో ఇంటిముందు బండి ఆపాక అందరూ దిగిపోతారు, అది మాత్రం దిగదు. దాన్ని ఖాళీ చేయడం నిజానికి చాలా తేలిక. బండి కట్టినవాళ్లే వంపులనీ, వాల్వులనీ, కప్పుదాకా గాలిగొట్టమనీ పెట్టి తేలికైన పనిని చదువుకున్నవాళ్ల పనిగా మార్చారు. వీటిని ఎలా పీకెయ్యాలో చెబుతాను. పట్టుకోవలసిన సూత్రం ఒక్కటే: బండి దాటిన నీళ్లు మనవి కావు.

ఈ విషయంలో మన పక్క బస్తీకే చరిత్ర ఉంది. నాచారంలో రామకృష్ణ హార్టికల్చరల్ స్టూడియో కట్టించిన ఎన్టీ రామారావు 1982 మార్చి 29న పార్టీ పెట్టి, పాత షెవర్లే వ్యాన్‌ను చైతన్యరథంగా మార్చి, కొడుకు హరికృష్ణ నడుపుతుంటే రాష్ట్రమంతా తిరిగారు. నిద్ర బండిలో, స్నానం రోడ్డు పక్కన, జనం చూస్తుండగా. 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. రోడ్డు పక్కన స్నానం చేసేవారికి ట్యాంకు నిండుతుందన్న బెంగ ఉండదు. దీన్నుంచి నేను తీసుకున్న పాఠం, మురుగుకు రోడ్డే రాచబాట అని. ఆయన పోసుకున్నది చెంబెడు నీళ్లు, మీరు వదిలేది కమోడు కడుగు కదా అని నసిగేవాళ్లు ఉంటారు. వాళ్లకు రాజకీయం తెలియదు.

ఇక పనిలోకి వద్దాం. ఇలా మార్చిన బండికి, అంటే కారవాన్‌కు, మామూలుగా రెండు ట్యాంకులుంటాయి. గిన్నెలు కడిగిన నీళ్లు, స్నానం నీళ్లు ఒకదాంట్లోకి, కమోడు నీళ్లు ఇంకోదాంట్లోకి. మొదటిదానికి ఒకటిన్నర అంగుళం గొట్టం, రెండోదానికి మూడంగుళాలది. ముందు కమోడు ట్యాంకు వదలాలట, తరవాత స్నానం నీళ్లు వదిలితే ఆ సబ్బు నీళ్లతో గొట్టం తనంతట తాను కడుక్కుపోతుందట. ఇంత ఓపిక ఎవరికుంది? రెండు గొట్టాలనూ ఒక టీ జాయింటు పెట్టి కలిపేయించండి, చివర ఒక్కటే వాల్వు. రెండు ట్యాంకులకూ విడివిడిగా ఉన్న వాల్వులు పీకేస్తే పాత సామానుగా అమ్ముకోవచ్చు కూడా.

దీనివల్ల ఒక చిన్న మార్పు వస్తుంది. నీళ్లకు పల్లం తెలుసు గానీ ఏ ట్యాంకు దేనిదో తెలియదు. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు, ఏళ్ల తరబడి కడుతూనే ఉన్న ఆ ఎలివేటెడ్ కారిడార్ పిల్లర్ల పక్కన గుంతల్లో పడుతూ లేస్తూ పోతున్నప్పుడు, కమోడు ట్యాంకు నిండి ఉంటే, అందులోది టీ దాటి వచ్చి షవర్ జాలీలోంచి పైకి చూస్తుంది. కంగారు పడొద్దు. జాలీ మీద ఒక ఇటుక పెట్టండి. స్నానం చేసేటప్పుడు ఇటుక మీద నిలబడితే కాళ్లు కూడా తడవవు.

సింక్ కింద యూ ఆకారంలో వంగిన గొట్టం ఉంటుంది చూడండి, ప్లంబర్లు ట్రాప్ అంటారు. నీళ్లు సాఫీగా పోకుండా అడ్డం పడేది అదే, దాన్ని ముందు కోయించండి. ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి, ట్యాంకులోని వాసనను లోపలికి రాకుండా ఆపుతాయని చెబుతారు. ఈ వంపుకు 1775లో పేటెంటు తీసుకున్నవాడు అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడు. గడియారాలు బాగుచేసుకునేవాడికి మోరీతో ఏం పని? ఆ తరవాత రెండు వందల యాభై ఏళ్లుగా ప్రపంచమంతా ఆయన మాట పట్టుకుని గొట్టాలు వంచుకుంటోంది. మీరు తిన్నగా వేయించండి. సింక్‌లో పోసింది టకాలున ట్యాంకులో పడుతుంది, ట్యాంకులో ఉన్నది అదే దారిన ముక్కుకు అందుతుంది. రెండు పనులూ ఒకే గొట్టంతో అయ్యాయంటే ఆదాయే కదా.

అసలు వాసన అనేది కప్పు మీది గాలిగొట్టం వల్లే వస్తోందని నా గట్టి నమ్మకం. దాన్ని ఎం-సీల్‌తో మూసేయండి. గాలి పోయే దారి మూస్తే నీళ్లు పోయేటప్పుడు గుడగుడమంటాయి, ఆగి ఆగి పోతాయి, ట్యాంకు లోపల గాలికి లాగుడు పుట్టి ట్రాపుల్లోని నీళ్లను కూడా పీల్చేస్తుంది. కానీ ట్రాపులు మనం ముందే కోసేశాం కాబట్టి ఆ నష్టం మనకు లేదు. ఈ పద్ధతిలోని గొప్పతనం ఇక్కడే ఉంది, ఒక మరమ్మతు చేస్తే రెండో దానికి చెడగొట్టడానికి ఏమీ మిగలదు.

వాల్వు సంగతి. పద్ధతిగా చేసేవాళ్లు వాల్వు మూసి ఉంచి, ట్యాంకు మూడొంతులు నిండాక ఒక్కసారిగా తెరుస్తారు. అప్పుడు నీళ్ల తోపుకు గట్టిది కూడా కొట్టుకుపోతుంది. తేలికగా చేసేవాళ్లు వాల్వును ఎప్పుడూ తెరిచే ఉంచాలి. నీళ్లు ఎప్పటికప్పుడు కారిపోతుంటాయి, గట్టిది మాత్రం కమోడు కింద కుప్పగా పడి ఎండుతుంది. అమెరికాలో కారవాన్లవాళ్లు ఈ కుప్పను పిరమిడ్ అని పిలుచుకుంటారు, ఈజిప్టు దాకా పోలేనివాళ్లకు ఇదో సదుపాయం. ట్యాంకు మీటరు ఎప్పుడు చూసినా ‘ఖాళీ’ అనే చూపిస్తుంది, నీళ్ల విషయంలో అది అబద్ధం కూడా కాదు. కుప్ప కమోడు అంచుదాకా పెరిగిన రోజున నలిపి తోసే పంపు పెట్టించమని ఎవరైనా సలహా ఇస్తారు. అంత డబ్బు దండగ. ఇంట్లో ఎండాకాలం కూలర్ మోటారు ఉంటుంది, అది పెట్టి చూడండి. కాలిపోతే కూలర్‌కు ఎలాగూ కొత్త మోటారు కొనాలనుకున్నామని చెప్పుకోవచ్చు.

గొట్టానికి అడుగుకు పావంగుళం వాటం ఇస్తే చాలని ప్లంబరు చెబుతాడు. ఇంకా కిందికి వేలాడదీయండి, ఎంత కిందికి ఉంటే అంత జోరు. చివరి ఎల్బో నేలకు నాలుగు వేళ్ల ఎత్తున ఉండాలి. చిల్కానగర్ గల్లీల్లో ప్రతి రెండిళ్లకొకరు తమ గడప ముందు తామే పోసుకున్న సిమెంటు స్పీడ్ బ్రేకర్లున్నాయి కదా, మొదటిదానికే ఆ ఎల్బో విరిగిపోతుంది. మీరు దిగి, వంగి, వాల్వు తిప్పే శ్రమ కూడా తప్పింది. పొరపాటున అది విరగకపోతే వెల్డింగ్ షాపువాడు అవసరానికి మించి గట్టిగా బిగించాడని అర్థం.

ఇంతకీ ఎక్కడ పోయాలి? మీ ఇంటి గేటు లోపలే డ్రైనేజీ చాంబర్ ఉంటుంది. మూత తీసి, గొట్టం అందులోకి దింపి, వెనకాల రెండు బకెట్ల నీళ్లు పోస్తే పది నిమిషాల్లో పని ముగుస్తుంది. ఇందులో ఏ సరదా లేదు కాబట్టి ఎవరూ చేయరు. పైగా చాంబర్ ఈశాన్యంలో ఉంటే ఊరూరి మురుగు ఇంట్లోకి తెచ్చుకున్నట్టవుతుందని వాస్తు తెలిసినవాళ్లు అంటారు. రోడ్డు మీది మ్యాన్‌హోల్ బరువు, ఎత్తితే నడుము పడుతుంది. కాబట్టి మిగిలింది వాననీటి కాలువ. దానికి చాలాచోట్ల మూతే ఉండదు, మనకోసమే వదిలారేమో. మ్యాన్‌హోల్‌లో పోసిన మురుగు శుద్ధి కేంద్రానికి పోవాలి. అంబర్‌పేటలోది రోజుకు 339 మిలియన్ లీటర్లు శుద్ధి చేయగలది, పాపం దానికెందుకు ఇంకా పని పెంచడం? వాననీటి కాలువలో పోసింది ఏ యంత్రం ముఖమూ చూడకుండా చెరువుకో, అటునుంచి మూసీకో చేరుతుంది. చెరువుల్లో గుర్రపుడెక్క ఏపుగా పెరుగుతోందంటే మన ఎరువు వంటబట్టినట్టే. 2020 అక్టోబర్ 13 రాత్రి వానకు రామంతాపూర్, హబ్సిగూడ వైపు చెరువు నీళ్లు ఇళ్లలోకి వచ్చాయని చాలామంది ఏడ్చారు. తీసుకున్నది తిరిగి ఇచ్చేసేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారు?

పోయడానికి మంచి సమయం రాత్రి, అంతకన్నా మంచిది స్టేడియంలో మ్యాచ్ ఉన్న సాయంత్రం. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బండ్లు అంగుళం అంగుళం కదులుతుంటాయి, హారన్ల మోతలో గుడగుడ వినిపించదు, వెనకబండివాడు దిగి గొడవపడటానికి తలుపు తెరిచే సందు కూడా ఉండదు. గల్లీలో అయితే ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు ముందే కంఠస్థం చేసుకోండి.

“అన్నా, నీ బండి కింద ఏందో కారుతున్నది?”

“ఏసీ నీళ్లక్కా.”

“ఏసీ నీళ్లల్ల అన్నం మెతుకులెట్లొచ్చినయ్?”

“పాత ఏసీ అక్కా.”

ఇక్కడితో ఆపేయాలి. ఇంకో మాట కలిపితే దొరికిపోతారు.

చట్టం భయం పెట్టేవాళ్లు ఉంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పిందని, అదే ఏడాది చేసిన సవరణలో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలలదాకా జైలు గానీ రెండూ గానీ పెట్టారని ఏకరువు పెడతారు. మోటార్ కారవాన్లకు ఏఐఎస్-124 అని ప్రత్యేకంగా ప్రమాణాలు కూడా ఉన్నాయి. ఉప్పల్ ఆర్టీఏ ఆఫీసులో ఎవరైనా అడిగితే, “నేనేం మార్చలేదు సార్, పీకేశానంతే” అనండి. మార్చడానికీ పీకడానికీ తేడా ఉందని వాదించే వకీలు దొరక్కపోడు.

తడి తుడుపు గుడ్డలు, పిల్లల డైపర్లు, సాంబారులో మిగిలిన మునక్కాడ పిప్పి, అన్నీ కమోడులోనే వేయండి. ప్యాకెట్ మీద వద్దని రాసి ఉంటుంది, ప్యాకెట్ మీద రాసినవన్నీ చదువుతామా. అవి గొట్టం దాటితే చాలు, తరవాత ఎక్కడ చిక్కుకుంటే అక్కడివాళ్లు చూసుకుంటారు. జలమండలి 2017లో సన్న గల్లీల్లోకి దూరే చిన్న జెట్టింగ్ బండ్లు 70 తెచ్చింది. ఆ బండి రావడం ఆలస్యమైతే గల్లీ పెద్దలే ఎవరినో పిలిచి, చేతిలో ఐదు వందలు పెట్టి, మూత తీసి దిగమంటారు. మనుషులతో పాకీపని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం మనిషిని అలా దింపితే మొదటిసారికే రెండేళ్లదాకా జైలు, రెండు లక్షలదాకా జరిమానా. దిగినవాడు తిరిగి రాకపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ డబ్బు మీ జేబులోంచి పోదు. ఆ పూట మీరు బహుశా అరకులో ఉంటారు.

దూరప్రయాణాలకు ఒకే ఒక్క జాగ్రత్త. మేడారం జాతరకు పోతే బండిని జంపన్న వాగుకు ఎగువనే ఆపుకోండి. దిగువన ఆపితే ఎగువ బండ్లవాళ్లవి మీ కాళ్లకు తగులుతాయి. జనం ఎంత బాధ్యత లేకుండా ఉంటారో అక్కడే తెలుస్తుంది.

ఇంత చేశాక కూడా ఒక్కోసారి మన ఇంటిముందు మ్యాన్‌హోలే పొంగుతుంది. అప్పుడు నోరు మూసుకుని కూర్చుంటే అనుమానం మీ మీదికే వస్తుంది. అందరికన్నా ముందు మీరే జలమండలి 155313కు ఫోన్ చేసి, “ఎన్నిసార్లు చెప్పాలి మీకు, మేం బిల్లులు కట్టడం లేదా?” అని గట్టిగా అడగండి. కంప్లయింట్ నంబరు రాసుకోండి. పొంగుతున్న మోరీని ఫొటో తీసి గల్లీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. బండి అందులో పడకుండా కాస్త పక్కనుంచి తీయండి.