ఆరడానికి రెండు రోజులు

గురువారం రాత్రి పదకొండింటికి మా తమ్ముడి ఇంటికి వెళ్ళాను. కువైట్‌లోని అబూ హలీఫాలో మాది, వాళ్ళది ఒకే బిల్డింగు. రెండో అంతస్తులో మేము, నాలుగో అంతస్తులో వాళ్ళు. తమ్ముడి కూతురు హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. పన్నెండో తరగతి, మీడియా సబ్జెక్టు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికల్లా ఒక ప్రచారం మొత్తం తయారుచేసి అప్‌లోడ్ చెయ్యాలట: నినాదం, పోస్టరు, కరపత్రం, ముప్పై సెకన్ల వీడియో. విషయం, కార్మికులు ఉండే బిల్డింగుల్లో అగ్నిప్రమాదాలు. పని ఇచ్చి ఇరవై రోజులైంది.

"ఎంతవరకొచ్చిందమ్మా?" అన్నాను.

"ఫాంటు చూస్తున్నా పెదనాయనా" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఇరవై రోజులు గడిచిపోయాయి, ఈ పిల్ల ఇంకా అక్షరాల షోకు దగ్గరే ఉంది. చెప్పాల్సిన మాట ఏమిటో ఇంకా తేలలేదు.

మా రోజుల్లో ఇలా కుదిరేదే కాదు. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్నప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. చేతిరాత బాగుందని నన్ను గోడ రాతల జట్టులో వేశారు. గోడ మీద రాయడమంటే ముందు దుమ్ము దులిపి సున్నం కొట్టాలి. అది ఆరాలి. మర్నాడు నూలుదారానికి నీలిమందు పూసి, ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగి వదిలితే గీత పడేది. ఆ గీతల మధ్య సుద్దముక్కతో అక్షరాలు కొలుచుకుని, జిగురు కలిపిన కావితో నింపేవాళ్ళం. అదీ ఆరాలి. ఆ తర్వాత రెండో పూత. మధ్యలో వాన కురిస్తే కథ మళ్ళీ మొదటికి. సోమవారం ఊరేగింపు అంటే శుక్రవారానికి గోడ మీద మాట ఉండి తీరాలి. చివరి రాత్రికి మేం దాచుకోగలిగిన పని ఏదీ ఉండేది కాదు. తడి గోడను తొందరపెట్టడం ఎవరి వల్లా కాదు.

స్క్రీన్ ప్రింటింగూ అంతే. మూడు రంగుల పోస్టరంటే ఒక రంగు వేసి, కాగితాలన్నీ తాళ్ళ మీద ఆరేసి, అవి ఆరాక రెండోది, ఆ తర్వాత మూడోది. ఒక్క వత్తు తప్పు పడిందా, ఆ కట్టంతా చిత్తుకాగితం. అందుకని కుంచె ముంచకముందే ఆలోచన పూర్తయ్యేది. మాకు క్రమశిక్షణ నేర్పింది మాస్టార్లు కాదు, ఆరాల్సిన రంగే నేర్పింది.

ఆలోచన పూర్తవడమంటే నలుగురినీ అడగడం. మొదట్లో మేం 'నిరక్షరాస్యతను నిర్మూలిద్దాం' అని రాయబోయాం. సున్నం కొట్టిన గోడ పక్కన అరుగు మీద కూర్చున్న అవ్వ "అదేంది అబ్బయా, దేన్ని నిర్మూలించేది?" అంది. చెప్పాం. "అట్టయితే వేలిముద్ర ఎయ్యొద్దని రాయండి, తెలుస్తది" అంది. గోడ ఇంకా తడిగా ఉంది కాబట్టి ఆ మాట వినడానికి మాకు తీరిక దొరికింది. అదే రాశాం.

ఆ జిల్లా ఉద్యమంలోనే దూబగుంట కథ కూడా పుట్టింది. చదువుల వాచకంలో సారా వల్ల కుటుంబాలు ఎలా కూలిపోతాయో చెప్పే పాఠం ఒకటి ఉంది. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళకు ఆ పాఠంలో తమ ఇల్లే కనబడింది. దూబగుంట రోశమ్మ, ఆమె తోటివాళ్ళు కదిలారు, సారాను ఊళ్ళోకి రానివ్వం అన్నారు. అది 1992 నాటికి జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధమైంది. రంగుల వీడియో లేదు, టీవీ ప్రకటన లేదు. ఎవరి కోసం రాస్తున్నారో వాళ్ళ గుమ్మం లోపలి సంగతి ఎరిగి రాసిన పాఠం అది. ప్రచారం అంటే ఏమిటో నేను అక్కడే నేర్చుకున్నాను. ఆ చేతిపనితోనే బోర్డులు రాసుకోవడానికి కువైట్ వచ్చాను.

ఇప్పుడేమో ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అసలు రోగమంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఒక మీట నొక్కితే వేసిన గీత వెనక్కి పోతుంది. రంగు నచ్చకపోతే ఇంకో రంగు, టెంప్లేటు నచ్చకపోతే ఇంకో వంద. ఏదీ ఆరదు కాబట్టి ఏదీ తేలదు. ఈ పని చేస్తున్న ఐదుగురు పిల్లల వాట్సాప్ గ్రూపులో ఇరవై రోజులూ లింకులు తిరిగాయి. అందులో ఒక్కరూ చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళలేదు.

ఆ రాత్రి పోస్టరు చూపించింది. కాగితం నిండా మంటలు, మూలన ఫైరింజను, పెద్ద ఇంగ్లీషు నినాదం. కింద నా కోసమన్నట్టు తెలుగులో ఒక వరుస. అందులో వత్తులన్నీ అక్షరాల కింద నుంచి ఊడిపోయి పక్కన వరుసగా నిలబడి ఉన్నాయి. పోస్టరు చేసిన సాఫ్ట్‌వేరులో భారతీయ లిపుల కోసం ఒక సెట్టింగు మార్చాలి, లేకపోతే తెలుగు అలాగే విరిగిపోతుంది. పిల్ల గమనించలేదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం కూడబలుక్కునే. సెట్టింగు మార్చడం ఒక్క నిమిషం పని. నన్ను బాధపెట్టింది వేరే ఉంది.

"మంగాఫ్ గుర్తుందా?" అన్నాను.

ఉంది. మా పక్క పేటే. 2024 జూన్ 12న పొద్దున్నే కార్మికులు నిద్రపోతున్న బిల్డింగులో కింది అంతస్తులో అంటుకుంది. విద్యుత్ షార్ట్ సర్క్యూట్ అని తేల్చారు. దాదాపు 50 మంది పోయారు. అందులో నలభైమందికి పైగా మన దేశంవాళ్ళు, ముగ్గురు ఆంధ్రావాళ్ళు. ఎక్కువమందిని చంపింది పొగ. గదుల మధ్య అడ్డుగా పెట్టిన సామాను మంటను, పొగను పెంచింది. పైకి పరిగెత్తినవాళ్ళకు డాబా తలుపు తాళం వేసి కనబడింది.

"మరి నీ పోస్టరులో పొగ ఏదమ్మా? ఆ తలుపు ఏది?"

పిల్ల మాట్లాడలేదు.

ఇక్కడ 2007 సెప్టెంబరు దాకా వారపు సెలవులు గురు, శుక్రవారాలు, ఆ తర్వాత శుక్ర, శనివారాలు అయ్యాయి. ఏది మారినా మనవాళ్ళు నలుగురు ఒకచోట కనబడేది శుక్రవారమే. మర్నాడు సాయంత్రం పిల్లను వెంటబెట్టుకుని సముద్రం వైపు నడిచాను. బకాలా (కిరాణా కొట్టు) పక్కన గట్టు మీద రాయచోటి ఆయన ఒకరు, తణుకు దగ్గరి కుర్రాడు ఒకడు, ఒక తమిళ డ్రైవరు కూర్చుని ఉన్నారు. పిల్ల ఫోనులో పోస్టరు చూపించింది.

రాయచోటి ఆయన చాలాసేపు చూశాడు. "మంట ఎట్టుంటదో మాకు తెలుసు తల్లీ. ఎటు పోవాల్నో చెప్పు" అన్నాడు.

తణుకు కుర్రాడు గదిలో ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఎనిమిది ఫోన్లు పెడతామండి అన్నాడు. కాగితం ఇస్తే ఎవరూ చదవరనీ, రూము గ్రూపులో బొమ్మ పెట్టి మాటతో చెబితే వింటారనీ అన్నాడు. డ్రైవరు, మెట్ల మీద పరుపులూ పెట్టెలూ పేర్చి ఉంటాయన్నాడు. ఇరవై రోజుల్లో దొరకని సరుకు నలభై నిమిషాల్లో దొరికింది. మా రోజుల్లో పని ఇక్కడ మొదలయ్యేది, ఈ పిల్లలకు ఇక్కడికి రావాలని చెప్పేవాళ్ళే లేరు.

శనివారం పొద్దున్నే కూర్చుంది. మంటలన్నీ తీసేసింది. ఒక మెట్లవరుస, పైన తెరిచి ఉన్న తలుపు, నేలకు దగ్గరగా వంగి పాకుతున్న మనిషి, ముక్కుకు అడ్డంగా తడిగుడ్డ. కింద తెలుగు, హిందీ, తమిళం, మలయాళం, బెంగాలీ. కరపత్రానికి బదులు గ్రూపుల్లో పంపే బొమ్మ, రాయచోటి యాసలో నేను చెప్పిన మాట. చెప్పాల్సింది తెలిశాక ఆ పిల్ల చేతి వేగం చూస్తే నాకు ముచ్చటేసింది. మేం మూడు రోజులు ఆరబెట్టే పని సాయంత్రం ఆరింటికి ముగించింది.

వెంటనే అప్‌లోడ్ చెయ్యబోయింది. "ఆగు, ఆరనీ" అన్నాను. లాప్‌టాప్ మూయించి, అన్నం తినమన్నాను. తొమ్మిదింటికి తెరిచి చూసి తనే పట్టుకుంది: కష్టమొస్తే పిలవాల్సిన 112 ఎక్కడో మూలన చీమతలంత ఉంది. దాన్ని తలుపు బొమ్మ అంత పెద్దది చేసింది.

అప్పుడైనా పంపుతుందనుకున్నాను. లేచి చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?"

"మన డాబాకి, పెదనాయనా. పుట్టినప్పటి నుంచి ఇక్కడే ఉన్నా, ఎప్పుడూ ఎక్కలేదు."

నేను మెట్ల దగ్గరే నిలబడ్డాను. మూడు అంతస్తుల పైనుంచి ఇనప తలుపు కిర్రుమన్న చప్పుడు, ఆ వెంటే సముద్రపు గాలి కిందికి దిగింది.

"తీసే ఉంది!" అని అరిచింది.

ఆ తర్వాత వచ్చి పంపింది.